పాట ఎత్తుకున్నవారి పేరు

ఉదయం పదీ నలభైకి లైబ్రరీలో కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. బల్ల మీది కాగితాలు లేస్తే వాటి మీద డస్టరు పెట్టాను. నేను కిటికీ దగ్గర కూర్చుని, పళ్ళచక్రంలో పెన్సిలు దూర్చి ఒక పాత క్యాసెట్టు రీలు బిగిస్తున్నాను. కంప్యూటరు మళ్ళీ మొదలయ్యాక, నాతో కేటలాగు పని చేసే అమ్మాయి తెర మీదికి వంగింది.

"సార్, ఒకసారి ఇటు రండి," అంది తర్వాత.

వెళ్ళి చూశాను. తెర మీద ఎర్ర అక్షరాల వరసలు ఉన్నాయి.

"ఈవిడ చనిపోయిన మర్నాడు పాడిందంటండి."

"ఎవరన్నారమ్మా?"

"మెషీనే అంటోంది. ఈవిడొక్కతే కాదు సార్. ఈయన కూడా. ఇదిగో, వీళ్ళందరూ. చనిపోయాక పాడారు." ఆమె కొంచెం నవ్వబోయి ఆగింది. కిందికి జరుపుతూ ఒక వరస దగ్గర వేలు ఆపింది. "ఈ పాపకి రెండేళ్ళు సార్."

తెనాలిలో మా లైబ్రరీ చిన్నది. దానికి ఒక పైగది ఉంది. ఆ గదిలో రెండు ట్రంకు పెట్టెల నిండా సంగీతం ఉంది. మొదటి పెట్టెలో పాత నాటకాల పద్యాల రికార్డులు. రెండో పెట్టెలో క్యాసెట్లు. రెండూ బాపట్లలో రేడియో రిపేరు షాపు నడిపిన ఒకాయనవి. ఆయన పోయాక వాళ్ళింటివాళ్ళు మాకిచ్చారు. రికార్డుల కోసం జనం అప్పుడప్పుడూ వస్తారు. క్యాసెట్ల కోసం ఎవరూ రాలేదు. మా లైబ్రరీ అధ్యక్షుడు ఆ పెట్టె ఏమిటో తెలుసుకున్నాక, "చావు పాటలు మనకెందుకు సార్, పైకొచ్చేవాళ్ళు కూడా మానేస్తారు," అన్నాడు. పైకి ఎవరూ రావడం లేదు కాబట్టి ఆ మాట అంతటితో పోయింది.

నేను కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. కార్డులు రాసిన తరం వాణ్ణి. ఆ అమ్మాయి తెనాలి పిల్లే. వాళ్ళ నాన్నకి మార్కెట్ దగ్గర టైలరు షాపు ఉంది. వడ్లమూడి వైపు ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది, మాతో మా అందరికన్నా శుభ్రమైన తెలుగు మాట్లాడుతుంది. సంగీతం మీద ఇష్టంతో శనివారాలు వచ్చి ఈ పని మొదలుపెట్టింది. లింక్డ్ డేటా అనే మాట ఆమె దగ్గరే మొదటిసారి విన్నాను.

ఆమె చెప్పిన తీరు నాకు నచ్చింది. "రైల్లో ఎక్కగానే అడుగుతారు కదండీ, మీదేవూరు, అక్కడ మీరెవరి తాలూకు అని. వేమూరు వచ్చేసరికి చుట్టరికం తేలిపోతుంది. ఇదీ అంతే," అంది. కార్డు కేటలాగులో ప్రతి కార్డూ ఒంటరిది. ఈ పద్ధతిలో ఊరికి ఒక చిరునామా ఇస్తాం, మనిషికి ఒకటి, పాటకి ఒకటి, క్యాసెట్టుకి ఒకటి. వాటి మధ్య చిన్న చిన్న వాక్యాలు రాస్తాం. ఈ క్యాసెట్టు ఈ ఊళ్ళో రికార్డయింది. ఈ పాట ఈ క్యాసెట్టులో ఉంది. ఈ మనిషి ఈ పాట పాడింది. ఒక చోట రాసిన వాక్యాన్ని వేరే ఊరి లైబ్రరీ కూడా చదువుకోగలదు, దానికి తన వాక్యం కలపగలదు. ఎవరు ఎక్కడినుంచి వెతికినా దారి దొరుకుతుంది.

నేను పెట్టిన షరతు ఒకటే. ప్రతి వాక్యానికీ పక్కన అది ఎవరు చెప్పారో ఉండాలి. లేబులు చెప్పిందా, మనిషి చెప్పాడా, మనం అనుకున్నామా. ఆమె ఒప్పుకుంది. కనీసం ఇద్దరు చెబితేగాని మనిషి పేరు ఎక్కించకూడదని తనే ఇంకొకటి కలిపింది.

ఇంతకీ ఎర్ర వరసల సంగతి. రికార్డుల లేబులు మీద ఉండే పేరు పాడినవారిది. క్యాసెట్ల లేబులు మీద కూడా ఒక పేరు, ఊరు, తేదీ ఉన్నాయి. రెండు పెట్టెలకీ మేం ఒకే గడి పెట్టాం. అందులో ఎక్కిన పేర్లన్నీ పాడినవారి పేర్లయ్యాయి. ఆ తర్వాత సమాధుల తోటల్లో రాళ్ళ ఫోటోలు తీసి, ఆ మనుషుల పుట్టిన, పోయిన తేదీలు కలిపాం. కలపగానే మెషీను లెక్క చూసుకుంది. క్యాసెట్ల మీద ఉన్నవి చనిపోయినవారి పేర్లు. వాళ్ళ చావింట్లో వాళ్ళ కోసం పాడిన పాటలు అవి. మా కేటలాగులో వారం రోజులుగా చనిపోయినవాళ్ళే తమ శవపెట్టె దగ్గర నిలబడి పాడుతున్నారు.

నాకు ఇది ముందే తట్టాల్సింది అని ఎవరైనా అనవచ్చు. క్యాసెట్లు విన్నవాణ్ణి నేనే. కాని నేను వింటున్నది పేర్ల కోసం కాదు.

ఆ క్యాసెట్ల పెట్టెలో నా భార్య గొంతు ఉంది.

మావి రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల ఊళ్ళలో చాలాకాలంగా ఉన్న లూథరన్ కుటుంబాలు. కూలికి వెళ్ళేవాళ్ళూ, బడిపంతుళ్ళూ, గుమాస్తాలూ. మా బంధువర్గంలో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో మనిషి పోతే, పెట్టె లేచేదాకా పాట ఆగకూడదు. ఒకామె మొదటి చరణం ఎత్తుకుంటుంది. తక్కినవాళ్ళు అందుకుంటారు. ఎత్తుకోవడం అందరి వల్లా కాదు. ఏడుస్తున్న ఇంట్లో ఏడవకుండా నిలబడాలి. ఏ పాట తర్వాత ఏ పాటో తెలియాలి. చిన్నపిల్ల పోతే ఒక వరస, గర్భిణి పోతే ఒక వరస. వెనకవాళ్ళు ఏడుపు దిగమింగి గొంతు తెచ్చుకునేదాకా ఆగి, అప్పుడు తర్వాతి ముక్క అందించాలి. ఆ ఆగడమే అసలు పని అనేది నా భార్య. ఆమె తల్లి ఎత్తుకునేది. తల్లి తర్వాత ఆమె ఎత్తుకుంది. బడిలో రెండో తరగతికి ఎక్కాలు చెప్పి, కబురు వస్తే సెలవు చీటీ రాసి వెళ్ళేది. పెట్టె లేచేదాకా ఆ ఇంట్లో టీ కూడా తాగేది కాదు. ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం తిని, పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకునేది.

ఆ పద్ధతిలోనే ఇంకొక ముక్క ఉంది. ఎత్తుకున్న మనిషి పేరు ఎవరూ చెప్పరు. బాగా పాడిందని మెచ్చుకోరు. తర్వాత ఎవరైనా "పాట ఎవరెత్తుకున్నారు?" అని అడిగితే, "ఇంటివాళ్ళు పాడారు" అంటారు. ఆ రోజు ఆ ఇంట్లో ఒక్క పేరే వినపడాలని పెద్దవాళ్ళు చెప్పేవారు.

బాపట్ల రేడియో షాపాయన ఇందులోకి ఎలా వచ్చాడంటే, మిలటరీలో ఉన్న కొడుకో కువైట్‌లో ఉన్న కూతురో సమయానికి రాలేకపోతే, ఇంటివాళ్ళు ఆయన్ని టేపురికార్డరు తెమ్మని పిలిచేవారు. ఒక క్యాసెట్టు ఆ పిల్లలకి వెళ్ళేది. ఒకటి ఆయన దాచుకున్నాడు.

నా భార్య కిందటేడు వానాకాలంలో పోయింది. ఊపిరితిత్తులు. చివరి నెలల్లో మాట కూడా కష్టమైంది. పోయిన రోజు తెనాలిలో మా అద్దె వాటాలో ముందుగదిలో ఉంచాం. బంధువులు వచ్చారు. ఎత్తుకునే మనిషి తనే కాబట్టి ఎత్తుకోవడానికి ఎవరూ లేరు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మీరు మొదలెట్టండి." "నాకు గొంతు లేదు పిన్నీ, మీరే." అలా కొంతసేపు గడిచాక, బంధువొకతను ఫోను తీసి చిన్న స్పీకరుకి కలిపాడు. ఎవరో స్టూడియోలో పాడిన పాటలు వచ్చాయి. రెండో పాటకీ మూడో పాటకీ మధ్య బనియన్ల ప్రకటన వచ్చింది. అతను కంగారుగా తెర మీద గుద్దుతుంటే అది ఇంకా పెద్దదైంది. ఎవరూ నవ్వలేదు. అతని తప్పేమీ లేదు. అతను లేకపోతే ఆ గదిలో ఏ పాటా లేదు.

ఆ తర్వాత నాకు కావలసింది ఒకటే అయింది. పైగదిలో ఉన్న ఆ గొంతుకి ఆమె పేరు ఉండాలి. మాకు పిల్లలు లేరు. నేను పోయాక ఆ గొంతు ఎవరిదో చెప్పేవాళ్ళు ఉండరు. కేటలాగులో పేరు ఉంటే ఎక్కడి ఎవరు వెతికినా ఆమె దొరుకుతుంది. ఎర్ర వరసలు వచ్చిన రోజున, చనిపోయినవారి పేర్లని వాళ్ళ గడిలోకి మార్చాక, పాడినవారి గడి అన్ని క్యాసెట్లకీ ఖాళీ అయింది. ఆ అమ్మాయితో చెప్పాను.

"ఇందులో సగానికి పైగా మా ఆవిడ గొంతమ్మా."

ఆమె తల ఊపింది. కీబోర్డు దగ్గరికి లాక్కుని అడిగింది. "ఎవరు చెప్పారని రాయమంటారు సార్?"

"నేను."

"ఒక్కరే సార్."

మేం పెట్టుకున్న షరతులే నాకు అడ్డొచ్చాయి. కోపం రాలేదు.

ఇద్దరం రేపల్లె వెళ్ళాం. తెనాలి నుంచి పాసింజరులో. మా వదిన అక్కడ ఉంటుంది, అంటే నా భార్య అక్క. ఆమె చెల్లెలి వెనక నిలబడి అందుకునే గుంపులో మొదటినుంచీ ఉన్న మనిషి. గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"ఏంటి మరిదిగారూ, ఇలా చిక్కిపోయారు? వండుకుంటున్నారా, వాసన చూసి పడుకుంటున్నారా?" అంది. తర్వాత ఆ అమ్మాయి వైపు చూసింది. "నువ్వెవరి తాలూకమ్మా?"

అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. "తెనాలండి. మార్కెట్ దగ్గర టైలరు గారమ్మాయిని."

"మెట్ల పక్కన షాపేనా? మా ఆయన చొక్కా ఒకటి ఏడాది తిప్పారమ్మా. పండగ వెళ్ళాక ఇచ్చారు."

"ఇప్పటికీ అంతేనండి," అంది అమ్మాయి. వదిన పకపకా నవ్వి చాప వేసింది.

ఫోనులో పాట పెట్టాం. వదిన చెయ్యి చింతపండు మీద ఆగిపోయింది. మొదటి ముక్క అయ్యి గుంపు అందుకోగానే వేలెత్తింది.

"అదిగో, వెనకాల లాగుతున్నది నేనే. అందరూ గట్టెక్కాక నేను దిగుతాను. మా అమ్మ ఎప్పుడూ తిట్టేది." మళ్ళీ వింది. "ఆ దగ్గు మా పెదనాన్నది. చుట్ట మానమంటే మానలేదు. పక్కన గాజుల చప్పుడు మా చిన్నత్త. పాట పాడదు, గాజులు పాడిస్తుంది." ఒక్కొక్కరినీ గుర్తుపట్టింది. అందులో ఇప్పుడు బతికున్నది తనొక్కతే అని కూడా చెప్పింది, అది కూడా ఒక గుర్తులాగే. అమ్మాయి రాసుకుంటోంది.

"ముందు ఎత్తుకున్నది ఎవరండీ?" అని అడిగింది.

వదిన మళ్ళీ చింతపండు తీసుకుంది. "ఇంటివాళ్ళు పాడారమ్మా."

"వదినా, నాకు తెలియక అడగడం లేదు. మీ నోటితో చెబితే రాసుకుంటుంది, అంతే," అన్నాను.

"తెలిసినవాళ్ళకి నేనెందుకు చెప్పాలి?"

"మన తర్వాత ఎవరికీ తెలియదు."

"తెలియకపోతే ఏం?" అంది. గొంతులో కోపం లేదు. "మరిదిగారూ, అది చిన్నపిల్లల దగ్గర్నించి ముసలాళ్ళ దాకా ఎంతమందిని సాగనంపింది. ఒక్క ఇంట్లో పేరు చెప్పుకోలేదు. మీరు ఇప్పుడు చెప్పేదేంటి? పేరు చావుకి తగలనివ్వకూడదు. తగిలితే వదలదు."

నేను అలాంటివి నమ్మను. చదువుకున్నవాణ్ణి అని కాదు, ఎప్పుడూ నమ్మలేదు. ఆమెతో వాదించలేదు కూడా. తిరిగి రైలెక్కేటప్పుడు వదిన అరటిపళ్ళు కట్టి ఇచ్చింది. కొల్లూరు లంకల నుంచి ఎవరో తెచ్చారట. భట్టిప్రోలు దాటాక అమ్మాయి ఒక మాట అంది. "మా నానమ్మ పోయినప్పుడు పాటలేం లేవు సార్. ఖురాన్ చదివారు. చదివింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. అడగాలనిపించలేదు."

తర్వాతి ఆదివారం బాపట్ల వెళ్ళాం. రేడియో షాపు ఉన్న గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. వెనక ఇంట్లో ఆ షాపాయన భార్య ఉంటుంది. చెవులు సరిగా వినపడవు. పాట చెవి దగ్గర పెట్టాల్సి వచ్చింది.

"మీ ఆవిడే గదండీ," అంది వెంటనే. పేరు కూడా చెప్పింది. "ఆవిడ గొంతు మా ఆయనకి పెద్ద తలనొప్పి. మెషీన్లో ముల్లు ఎర్రగీత దాటిపోయేదట. ఆవిడున్న ఇంటికి వెళ్తే మైకు పట్టుకుని గుమ్మం దగ్గరికి జరిగి కూర్చునేవారు. ఒకసారి జరిగీ జరిగీ అరుగు మీంచి పడ్డారు."

నేను నవ్వాను. చాలా నెలల తర్వాత ఆమె గురించి నాకు తెలియని సంగతి విన్నాను.

"లేబులు మీద పేరు ఎందుకు రాయలేదండీ?" అని అమ్మాయి గట్టిగా అడిగింది.

"వాళ్ళ పట్టింపమ్మా. మేం వాళ్ళ సంఘం వాళ్ళం కాదుగా, మాకేం లేదు. మా ఆయన్ని అందరూ ఎగతాళి చేసేవాళ్ళు, ఏంటయ్యా నీకు పెళ్ళి క్యాసెట్లు దొరకవా అని. పెళ్ళిళ్ళలో ఎవరూ మనసుపెట్టి పాడరు అనేవారు."

రెండో సాక్ష్యం దొరికింది. తిరుగు రైల్లో నాకు కొంచెం తేలిగ్గా ఉంది. అమ్మాయికి ఒక్కొక్క క్యాసెట్టులో ఏముందో చెప్పుకుంటూ వచ్చాను. అంతగా మాట్లాడే అలవాటు నాకు లేదు.

శనివారం లైబ్రరీలో ఆమె పేరు ఎక్కించాం. పేరుకి ఒక చిరునామా పుట్టింది. ఆ పేరు నుంచి క్యాసెట్లకి వాక్యాలు రాశాం. ఈ మనిషి ఈ పాట ఎత్తుకుంది. ఎవరు చెప్పారు: భర్త, రికార్డు చేసినాయన భార్య. సాయంత్రానికి పూర్తయింది.

"బొమ్మగా చూస్తారా సార్?" అంది అమ్మాయి.

తెర మధ్యలో చిన్న గుండ్రంలో నా భార్య పేరు వచ్చింది. దాని నుంచి గీతలు బయటికి వెళ్ళాయి. ప్రతి గీత చివరా ఒక క్యాసెట్టు, క్యాసెట్టుకి అవతల ఒక పేరు, పేరుకి అవతల ఒక సమాధి రాయి. అన్ని వైపులా అంతే. రెండేళ్ళ పాప కింద కుడిపక్కన ఉంది. నేను ఇంకేదైనా ఉందా అని చూశాను. బడి లేదు. ఆమె పాడిన ఆదివారం చర్చి క్వయరు లేదు. వాళ్ళమ్మ లేదు, నేను లేను. అవి మా సంగ్రహంలో లేవు కాబట్టి ఉండవు. ఎక్కడి ఎవరు ఆమె పేరు వెతికినా వాళ్ళకి దొరికేది ఇది. ఊరూరా శవాలు, మధ్యలో ఆమె.

చాలాసేపు చూశాను. అమ్మాయి ఏదో సరిచేస్తున్నట్టు పక్కకి తిరిగింది.

వదిన చెప్పిన మాటని నేను ఇప్పుడూ నమ్మను. కాని ఆమె చెప్పింది ఏమిటో నా కళ్ళ ముందు ఉంది. బతికుండగా ఆ ఇళ్ళ నుంచి తిరిగొచ్చి, స్నానం చేసి, రెండో తరగతి పుస్తకాలు దిద్దుకోగలిగింది ఎందుకో కూడా కొంత అర్థమైంది. ఆ ఇళ్ళలో ఆమెని ఎవరూ పేరు పెట్టి ఉంచేసుకోలేదు.

"తీసెయ్యమ్మా," అన్నాను.

"సార్, ఇంత తిరిగాం."

"అవును. తీసెయ్యి."

ఆమె వెంటనే తీయలేదు. "ఖాళీ పెడితే మళ్ళీ ఎవరిదో తెలియనట్టు అవుతుంది సార్. ఇంకొకటి చెయ్యొచ్చు. పేరు లేకుండా మనిషిని పెట్టొచ్చు. ఒక మనిషి ఉంది, ఈ క్యాసెట్లన్నిట్లో ఉన్నది ఆ మనిషే, అంతవరకే. పేరు అడిగితే ఉండదు. మా సబ్జెక్టులో మామూలే."

"అన్నిట్లో ఒకే మనిషని తెలుస్తుందా?"

"తెలుస్తుంది."

అలాగే చేశాం. పేరు పోయింది. గుండ్రం మిగిలింది. ఎవరు చెప్పారు అన్న గడిలో ఏం రాయాలని ఆమె అడిగితే వదిన మాట చెప్పాను. ఇంటివాళ్ళు పాడారు. అదే రాసింది. అది ఆ ఇళ్ళవాళ్ళు చెప్పే మాటే కాబట్టి సరిపోయింది. నా షరతుకి కూడా లోటు రాలేదు. ఆ పని అయ్యాక ఇంటికి వెళ్ళి అన్నం వండుకున్నాను. ఏదో తేల్చుకున్నట్టు ఏమీ అనిపించలేదు. ఆమె పేరు ఎక్కడా ఉండదన్న సంగతి మాత్రం అలాగే ఉంది, ఇప్పుడూ ఉంది.

కేటలాగు బయటికి వదిలాక రెండు నెలలకి రేపల్లె నుంచి ఒకతను ఫోను చేశాడు. గొంతు బొంగురుగా ఉంది. వాళ్ళమ్మ ఆ పొద్దున పోయిందట. ఫోనులో వెతుకుతుంటే వాళ్ళ తాతగారి పేరు మీద క్యాసెట్టు ఒకటి మా దగ్గర ఉన్నట్టు కనిపించిందట.

"అందులో పాడినావిడ పాటలు ఇంకా ఉన్నాయని చూపిస్తోందండి. అవన్నీ పంపగలరా? ఇక్కడ పాడేవాళ్ళు ఎవరూ లేరండి. ఎవరండీ ఆవిడ?"

"ఇంటివాళ్ళు పాడారు బాబూ," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు. అతను అర్థం చేసుకున్నాడో లేదో తెలియదు. పాటలు పంపించాను. లైబ్రరీ ఉన్నది అందుకే. కాదనడానికి నాకు కారణం దొరకలేదు.

ఆ ఇంటికి వదిన వెళ్ళింది. అవతలి వీధే. సాయంత్రం ఫోను చేసింది.

"స్పీకరులో మా చెల్లి గొంతు పెట్టారు మరిదిగారూ," అంది.

"తెలుసు వదినా. నేనే పంపాను."

"పెద్ద సౌండు పెట్టారు. వీధి చివరికి వినపడింది. చెప్పులు గుమ్మంలో వదిలి లోపలికి వెళ్ళాను. మొదటి ముక్క అయ్యింది. అది ఆగింది, ఎప్పుడూ ఆగినట్టే. అందుకుందామని నోరు తెరిచాను. ఈలోగా అందులోంచే అందుకున్నారు. మా పెదనాన్న దగ్గు, మా చిన్నత్త గాజులు, అన్నీ. వెనకాల లాగుతూ నేను. నా వంతు కూడా అందులోనే ఉంది. ఇంక నేనెందుకని నోరు మూసుకున్నాను."

"తక్కినవాళ్ళు?"

"తక్కినవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. బాగుందన్నారు. ఎవరిదీ గొంతు అని అడిగారు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను?" అంది. "పెట్టె లేచేదాకా ఆగకుండా వచ్చింది. ఆ అబ్బాయి సంతోషించాడు పాపం."

తర్వాత ఇంకా ఫోన్లు వచ్చాయి. రేపల్లె నుంచి, బాపట్ల నుంచి, ఒకటి వేమూరు నుంచి. ఎవరు అడిగినా పంపుతున్నాం. ఏ పాట తర్వాత ఏ పాటో, చిన్నపిల్లలకి ఏ వరసో అమ్మాయి కేటలాగులోనే కలిపింది. ఆ వరస వదిన చెప్పిందే. ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. ఒకసారి అద్దంకి వైపు నుంచి ఒక లైబ్రరీవాళ్ళు, అదే గొంతు తమ దగ్గరా ఒక క్యాసెట్టులో ఉందని, మా వాక్యాలకి తమ వాక్యం కలిపారు. పేరు లేని ఆ గుండ్రానికి ఒక గీత పెరిగింది.

మా ఊళ్ళలో చావింట్లో ఇప్పుడు ఎవరూ పాట ఎత్తుకోవడం లేదు.